ఎవరి రక్తంలో కొలిచారు?

ఈ గోడ మీద ఎప్పుడూ కథలూ కవితలూ పండగ ముచ్చట్లూ చదువుతుంటాం. ఈసారి ఒక మందు గురించి రాస్తున్నాను, విసుక్కోకండి. నాది కెమిస్ట్రీ మేజర్, పార్ట్-1లో తెలుగు. క్లాసులో చదివేదాన్ని ఇంటి భాషలో చెప్పి చూద్దామని నా ఆశ.

రెమ్‌డెసివిర్ పేరు మనలో విననివాళ్ళుండరు. 2020 జూన్‌లో హైదరాబాద్‌లోని హెటిరో కంపెనీ దాన్ని 'కోవిఫర్' పేరుతో తెచ్చినప్పుడు 100 మిల్లీగ్రాముల వయల్ ఒక్కటి 5,400 రూపాయలు. మరుసటి ఏడాది దానికోసం జనం ఎలా పరిగెత్తారో అందరం చూశాం. ధర తెలుసు, దొరికే చోటు తెలుసు. ఒంట్లోకి వెళ్ళాక అది ఏమవుతుందని మాత్రం అడిగినవాళ్ళు తక్కువ.

రక్తంలో అది ఎక్కువసేపు నిలవదు. గంటకే సగానికి పడిపోతుంది. పోయిందనుకోకూడదు, విరిగి వేరే రూపాలు ఎత్తుతుంది. వాటిని మెటబొలైట్లు అంటారు. (దీనికి మంచి తెలుగు మాట మేడమ్ ఎవరైనా చెప్తే సంతోషం, 'జీవక్రియా ఉత్పన్నం' నాకు నోరు తిరగడం లేదు.) అందులో జీఎస్-441524 అనేది సగానికి తగ్గడానికి సుమారు 27 గంటలు పడుతుంది. వైరస్‌ని అడ్డుకునే అసలు రూపమైతే కణాల లోపలే తయారవుతుంది. కాబట్టి అసలు మందు ఒక్కదాన్నే కొలిస్తే సాయంత్రానికల్లా రక్తంలో ఏమీ లేదనిపిస్తుంది. దాని పిల్లల్ని కూడా వెతకాలి.

ఆ వెతుకులాట నాకు భలే ఇష్టం. గంటగంటకీ తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన లేత పసుపు నీరు తేలుతుంది, అదే ప్లాస్మా. అందులో మెథనాల్ లాంటిది పోస్తే, నిమ్మరసం పడ్డ పాలు విరిగినట్టు, ప్రోటీన్లు ముద్దకట్టి అడుక్కి పోతాయి. పైన మిగిలిన తేటని క్రోమటోగ్రఫీలో వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువుల బరువుని బట్టి గుర్తుపడతారు. అంతా నానోగ్రాముల లెక్క, అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇంకో చిక్కుంది. తీసిన రక్తం ట్యూబులో ఊరికే కూర్చోదు, అందులోని ఎంజైములు మందుని ఇంకా విరుస్తూనే ఉంటాయి. వెంటనే చల్లబరచకపోతే వచ్చే అంకె తప్పు.

ఇంత జాగ్రత్తగా తీసిన అంకె ముందు నిలబడి నేనడిగే ప్రశ్న ఒక్కటే. ఆ రక్తం ఎవరిది?

1977లో అమెరికా ఔషధ సంస్థ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళని మందుల తొలి పరీక్షల్లోకి తీసుకోవద్దంది. ఆ మాట 1993లో వెనక్కి తీసుకుంది. మధ్యలో పదహారేళ్ళు. తర్వాతి కథ చూడండి. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర, ఇది వైరస్ మందు కాదు, ఆడవాళ్ళ రక్తంలో తెల్లారేసరికి కూడా ఎక్కువగా మిగులుతోందని 2013లో వాళ్ళ మోతాదుని 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించారు. వైరస్ మందుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కోబిసిస్టాట్ తోడుగా ఇచ్చే కొన్ని హెచ్ఐవి మాత్రల స్థాయి గర్భిణుల ప్లాస్మాలో బాగా పడిపోతోందని కొలతల్లో తేలింది. మందు చాలకపోతే వైరస్ బిడ్డకి అంటొచ్చు. అందుకే గర్భంతో ఉన్నప్పుడు అవి మొదలుపెట్టొద్దని 2018లో హెచ్చరించారు. అప్పటికే ఆ మాత్రలు కొన్నేళ్ళుగా బజారులో ఉన్నాయి.

రెమ్‌డెసివిర్ సంగతి? 2020 నాటి పెద్ద అమెరికా పరీక్షలో గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ చోటు లేదు. అదే సమయంలో జబ్బు ముదిరిన గర్భిణులకి ఆసుపత్రుల్లో అదే మందు ఎక్కించారు. పరీక్షలో వద్దన్నవాళ్ళకే వార్డులో ఇచ్చారన్నమాట.

థాలిడోమైడ్ వల్ల అవయవాలు సరిగ్గా లేకుండా పుట్టిన బిడ్డల్ని తల్చుకుంటే ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ పరీక్షలోంచి తీసేసినంత మాత్రాన ఆ తల్లికి కరోనా రాకుండా ఆగలేదు కదా. వైద్యుల కాపలాలో, గంటగంటకీ రక్తం చూస్తూ ఇవ్వాల్సిన మందుని అంచనా మీద ఇవ్వాల్సొచ్చింది.

తర్వాత అమెరికాలో గర్భిణుల ప్లాస్మాలోనూ రెమ్‌డెసివిర్‌నీ దాని మెటబొలైట్లనీ కొలిచారు. స్థాయిలు మిగతా ఆడవాళ్ళలో ఉన్నట్టే దాదాపుగా ఉన్నాయి. "చూశావా, తేడా ఏం లేదు, ఇంత గొడవెందుకు?" అని నా ల్యాబ్ స్నేహితురాలు నవ్వింది. తేడా లేదని తెలిసింది కూడా కొలిచాకే కదే! కోబిసిస్టాట్ విషయంలోనూ తేడా ఉందని కొలిచాకే తేలింది.

మన డిపార్ట్‌మెంట్ అక్కలు కొందరు డిగ్రీ అయ్యాక మందుల ల్యాబ్‌లలో చేరుతున్నారు. మన దేశంలో జనరిక్ మందుల్ని అసలుదానితో పోల్చడానికి ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ రక్తమే తీస్తుంటారు. రేపు మీ చేతికి అలాంటి రిపోర్టు వస్తే, గ్రాఫులు చూసేముందు మొదటి పట్టిక చూడండి. ఆడవాళ్ళు ఎంతమంది అన్నచోట సున్నా ఉంటే, ఎందుకని మీ పైవాళ్ళని అడగండి.