దుకాణం తెలుసు... దారి తెలుసా?

మద్యం దుకాణం ఎక్కడుందని అడిగితే మన ఊళ్లో చిన్న పిల్లవాడు కూడా వేలు చూపించి చెబుతాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడుందని అడిగితే మాత్రం మన సంఘ పెద్దలు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మద్యం మీద మన రాష్ట్రాల్లో ఇంత చర్చ జరుగుతున్నా ఈ రెండో ప్రశ్న ఎవరికీ పట్టడం లేదు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధం ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారి చేతికి వచ్చాయి. దుకాణం నడిపేవారు మారారు గానీ తాగేవాడి ఇంట్లో కన్నీళ్లు మారలేదు. మద్యం లేనిదే ఉండలేని స్థితికి చేరినవారు దేశంలో దాదాపు 2.9 కోట్ల మంది అని కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన సర్వే చెప్పింది. వారిలో ఏదైనా చికిత్స అందిందన్నవారు 38 మందిలో ఒక్కరే! మిగతా 37 మంది ఎక్కడున్నారు? ఆదివారం మన చర్చి ఆఖరి వరుసలో కూడా వారిలో కొందరు కూర్చుని ఉంటారు.

వారికి మనం ఏమిస్తున్నాం? ఒక ప్రసంగం, బైబిలు మీద చెయ్యి వేయించి ఒక ఒట్టు. మూడు నెలలు మానితే చాలు, వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తాం, అందరం చప్పట్లు కొడతాం. నాలుగో నెలలో అతను మళ్లీ జారిపడితే? ఊరంతా చూస్తుండగా సాక్ష్యం చెప్పినవాడు సిగ్గుతో చర్చి గడప తొక్కడు. తాగుడు అతన్ని దేవుని ఇంటికి ఒకసారి దూరం చేస్తే, మన తొందర మరోసారి దూరం చేస్తుంది.

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. వచ్చిన పని చెడింది. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. ఒకవైపు బార్ పిలుస్తోంది, మరోవైపు చర్చిల పేర్ల పట్టిక కనిపించింది. అతను ఆ పట్టిక చూసి వాల్టర్ టంక్స్ అనే పాస్టర్‌కు ఫోన్ చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. పాస్టర్ కొందరి పేర్లిచ్చాడు. అలా ఒకరి ద్వారా ఒకరు, చివరికి రాబర్ట్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనన్న ఆ డాక్టర్ గంటల తరబడి మాట్లాడాడు. ఎందుకంటే విల్సన్ బోధించలేదు, తన కథ చెప్పాడు. ఆ ఇద్దరి కలయికే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. అది 1957లో మన దేశానికీ వచ్చింది.

ఏఏ ఏ మతానికీ చెందదు. అయినా ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థిస్తే స్వస్థత కలుగుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం నేర్పేదానికి దగ్గరగానే ఉంటుంది దాని పద్ధతి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. జారిపడి తిరిగి వచ్చినవాడికి అక్కడ మళ్లీ కుర్చీ వేస్తారు. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా వెళ్లి వినవచ్చు, క్లోజ్డ్ మీటింగ్ మానాలనుకునేవారికి మాత్రమే. కుటుంబాల కోసం అల్-అనాన్ సమావేశాలున్నాయి. దగ్గర్లో ఏదీ లేకపోతే ఫోన్లోనే కలిసే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. డీ-అడిక్షన్ కేంద్రాల వివరాలకు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఒక్క హెచ్చరిక: ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, భ్రమలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ముందు డాక్టర్ని చూడాలి. అది విశ్వాసలోపం కానే కాదు.

మరి మనం చేయవలసింది? పాస్టర్లు తమకు దగ్గరి సమావేశం ఏ రోజు, ఎక్కడ, ఏ వేళకు జరుగుతుందో తెలుసుకుని ఉండాలి. మొదటి రోజు ఒంటరిగా వెళ్లలేని సోదరుడితో ఒకరు గుమ్మం దాకా తోడు వెళ్లాలి. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే సండే స్కూలు గదిని ఒక సాయంత్రం అలాంటి సమావేశానికి ఇవ్వాలి. అక్కడ విన్నది ప్రార్థన విన్నపాల పేరుతో బయటికి మోయకూడదు. సాక్ష్యం అతను చెబుతానన్న రోజున వింటే చాలు.

పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురి పేర్లు మార్కు సువార్త రాయలేదు. జనం అడ్డుగా ఉంటే వారు పైకప్పే విప్పారు. మనం అంత కష్టపడనక్కర్లేదు... మూసి ఉన్న ఆ గది తలుపు తీస్తే చాలు!