పందెపు కారులో కుర్చీ

పిల్లలూ! గుంటూరు మిర్చి యార్డుకు పోయే లారీలమీద టిక్కీలను మోకులతో బిగించి కట్టటం మీరు చూసే వుంటారు. ఎందుకు కడతారు? లారీ మలుపు తిరిగినా, టిక్కీలు తిన్నగానే పోవాలని చూస్తాయి. దీన్నే జడత్వం అంటారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగరు పక్కన ఫార్ములా ఇ విద్యుత్తు కార్ల పందెం జరిగింది. పందెపు కారులో మనిషి కూడా టిక్కీలాటివాడే! అందుకని అతని ఒంటి అచ్చు తీసి, దానికి సరిపోయే కుర్చీ చేసి, పట్టీలతో బిగిస్తారు.

మరి ప్రమాదం జరిగితే? గాయపడినవాడి వెన్ను కదిలితే కాళ్ళూ చేతులూ చచ్చుపడవచ్చు. అందువల్ల ఇటువంటి కార్లలో కుర్చీని ఊడివచ్చేటట్టు అమరుస్తారు. మనిషిని కదిలించకుండా, కుర్చీతోసహా పైకెత్తుతారు.

చూశారా! బిగించటమూ ప్రాణం కాపాడుతుంది, ఊడదీయటమూ కాపాడుతుంది.

మీరు కారెక్కినప్పుడు పట్టీ మరిచిపోకండి. మోకు లేని టిక్కీ ఏమవుతుందో మీకు తెలుసు గదా!