పిన్ని మోకాళ్లు నేర్పిన కోపు

కోలాటం ఇవాళ్టి ఆట కాదు. 13వ శతాబ్దంలో జాయప సేనాని రాసిన ‘నృత్తరత్నావళి’లోనే దండరాసకం పేరుతో కోలల ఆట ఉంది. అయినా కొత్త కోపు కట్టడంలో ఉన్న కష్టం నాకు మొన్నటిదాకా తెలీదండీ!

శ్రీరామనవమికి మా పిడుగురాళ్లలో మా వీధి ఆడవాళ్లం పదహారు మందిమి, అంటే ఎనిమిది ఉద్దులం, కోలలు పట్టాం. కోపు కట్టే పని నామీద పడింది. పళ్లెంలో వెలుపల ఎనిమిది శనగలు, లోపల ఎనిమిది కందిగింజలు గుండ్రంగా పేర్చి జరిపి చూసుకున్నాను. పాటలో పాదానికి ఎనిమిది తాళం దెబ్బలు. నాలుగింటికి కోలలు కొట్టాలి, నాలుగింటికి లోపలివాళ్లు పక్కమనిషి దగ్గరికి జరగాలి. చరణం నాలుగు పాదాలు, వంతపాటతో ఎనిమిది. పల్లవి అందుకునేసరికి ఎవరి ఉద్ది వాళ్లకి ఎదురవుతుంది.

అందంగా ఉంటుందని మధ్యలో గొంతుక్కూర్చుని కొట్టడం కూడా పెట్టాను. నా ఉద్ది ఎదురింటి పిన్ని. “మోకాళ్లు లేవనీయట్లేదమ్మా, నేను మానుకుంటాలే” అంది. ఆమె మానితే నాకు జోడీ లేదు. ఏడు జంటలైతే లెక్కా తప్పుతుంది. ఆ రాత్రి నిద్రపట్టక మళ్లీ పాడుకుంటూ చూస్తే, కూర్చుని లేచేసరికి పాట రెండు దెబ్బలు ముందుకు పోతోంది! రోజూ అందరి వేళ్లమీదా కోలలు పడుతున్నది అందుకే. తప్పు పిన్ని మోకాళ్లది కాదు, నా కోపుది.

కూర్చోవడం తీసేశాను. నడిచేవైపుకే ఒక చుట్టు తిరగడం పెట్టాను. నవమినాడు పల్లవికి సరిగ్గా పిన్ని నా ఎదుటికొచ్చి నవ్వింది.

మీరూ కోపు కడితే అందరిలోకీ నెమ్మదిగా కదిలే మనిషిని చూసి కట్టండి. పాట అందరికీ అందుతుంది.