పొగ లేని ఫోర్క్‌లిఫ్ట్, చప్పుడూ లేదు

మన పిస్కాటవే, ఎడిసన్‌ల నుంచి టర్న్‌పైక్ 8ఎ ఎగ్జిట్ దాకా ఎటు చూసినా వేర్‌హౌస్‌లే. నెవార్క్, ఎలిజబెత్ రేవుల్లో దిగిన సరుకు చాలావరకు వీటిలోకే చేరుతుంది. మనం కొనే సోనా మసూరి బస్తా కూడా ఎక్కడో ఒకచోట ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి దిగిందే.

ఈ బళ్లు ఇప్పుడు ప్రొపేన్ వదిలి కరెంటుకు మారుతున్నాయి. కాలిఫోర్నియా 2024 జూన్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక నిబంధనే ఆమోదించింది. మంచిదే. చలికాలంలో తలుపులు మూసిన షెడ్డులో ప్రొపేన్ బండి వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం వస్తే ఫ్లూ అనుకుంటాం.

అయితే బ్యాటరీకీ దాని జాగ్రత్తలున్నాయి. లెడ్ యాసిడ్ రకం ఛార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే ఛార్జింగ్ చోట గాలి ఆడాలి, యాసిడ్ పడితే కళ్లు కడుక్కునే ఏర్పాటు దగ్గరలోనే ఉండాలి. లిథియం రకానికి ఈ హైడ్రోజన్ బెడద లేదు, భోజనం గంటలో కాస్త ఛార్జ్ పెట్టుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ.

నాకు అంతకన్నా భయం దాని నిశ్శబ్దం. ప్రొపేన్ బండి వస్తుంటే వినిపిస్తుంది. ఇది ర్యాకుల మలుపులో పక్కకొచ్చేదాకా తెలియదు. కొన్నిచోట్ల బండి ముందు నేల మీద నీలి లైటు పడేలా పెడుతున్నారు. గ్రీన్‌కార్డు మీద వచ్చి ప్యాకింగ్ పనికి వెళ్తున్న మన అమ్మానాన్నల వయసువాళ్లు ఆ దారుల్లోనే నడుస్తారు. వాళ్లకు ఆ లైటు అర్థమేమిటో ఎవరైనా చెప్పారా?

బండి నడపాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో అమ్మే ‘ఓషా లైసెన్స్’ నమ్మి డబ్బు పోసుకోకండి. ఓషా లైసెన్సులు ఇవ్వదు. మీరు నడిపే రకం బండి మీద, మీరు పనిచేసే చోట, కంపెనీయే శిక్షణ ఇచ్చి పరీక్షించాలి. కనీసం మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. 18 నిండనివాళ్లు ముట్టుకోకూడదు, సమ్మర్ జాబ్ అయినా సరే.

శిక్షణ పనివాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలని 2010లోనే ఓషా స్పష్టం చేసింది. ఇంగ్లీషు అంతంతమాత్రమైతే తెలుగులో చెప్పించమని అడగడం తప్పు కాదు. అడిగినా వినకపోతే ఓషా నంబరు 1-800-321-6742.