లైను అను మాట

సికింద్రాబాదులోని మెట్టుగూడ రైలు కొలువులతో పెరిగిన పేట. వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము 1874వ సంవత్సరమున తెఱవబడినది. మెట్టుగూడ ప్రక్కనున్న లాలాగూడలో రైలు కార్ఖానా 1893లో వెలసినది. ఇనుప పట్టాలతోపాటు మన దేశములో దిగిన ఇంగ్లీషు మాటలలో ఒకటి నేడు తెలుగువాని నోట వేయి పనులు చేయుచున్నది. అది "లైను".

రైలు నడచు దారి లైను. 2017 నవంబరులో మెట్టుగూడ మీదుగా నడువ నారంభించిన మెట్రో రైలు దారికి నీలి లైనని పేరు. విద్యుత్తు ప్రవహించు తీగ లైను. దానిని బాగుచేయువాడు లైన్‌మన్. టెలిఫోనులో అవతలి మనిషి లైనులో నుండును. టిక్కెట్టు కొఱకు జనులు నిలుచునది లైను. గుంటూరు బ్రాడీపేటలో వీధియే లైను. నాలుగవ లైను, ఐదవ లైను అని చిరునామా వ్రాయుదురు. దండులో సిపాయీల నివాసములు లైన్లు. సినిమావారికి కథాసారము లైను. చెడు సావాసము విడిచిన కుఱ్ఱవాడు లైనులో పడెనన్న తండ్రి సంతసించును. ఆ కుఱ్ఱవాడే పొరుగింటి పిల్లకు లైను వేయుచున్నాడన్న ఆ తండ్రికే నిదుర పట్టదు.

ఈ మాట పుట్టుక చూడ, లాటిను భాషలో అవిసె నారతో పేనిన దారమునకు గల పేరే దీనికి మూలము. దారమును బిగించి లాగిన గీత యేర్పడును. గీత నుండి హద్దు, హద్దు నుండి వరుస, వరుస నుండి పద్ధతి పుట్టినవి. మన "సూత్రము" నడచిన దారియు నిదియే. సూత్రమన దారము, తరువాత నియమము, తరువాత శాస్త్రమునకే మూలవాక్యము. కావున ఒక మాటకు పెక్కర్థము లుండుట ఇంగ్లీషు గొప్పయు కాదు, మన కొఱతయు కాదు.

లైనను మాటను వెళ్లగొట్టుడని మేము చెప్పము. ధూమశకటమని పండితులు కల్పించిన మాట నిలువలేదు. రైలను మాట నిలిచినది. కూలివాడు, కళాసీ, గేటుకాపరి లైనునకు తెలుగు కొస నిచ్చి, లైన్లని బహువచనము కూర్చి, లైనులో, లైనుకు, లైనుపై అని విభక్తులు తొడిగి ఇంటి కోడలిని చేసికొనిరి. కాని కోడలు గడపలో అడుగిడినదని ఇంటి ఆడుబిడ్డల నందఱిని వీధిలోనికి నెట్టుదుమా? భోజనమునకు పంక్తి, నాగలి వెంట సాలు, చీమలకు బారు, పలక మీద గీత, స్తంభములపై తీగ, నిలుచున్న జనులకు వరుస – ఇన్ని మాటలు మన పెద్దలు వేఱువేఱుగా దాచి యిచ్చిరి. వీనినన్నిటిని అటుక కెక్కించి అన్నిటికి లైననుట సంపద కాదు. చేతనున్న సొమ్ము పోగొట్టుకొని అప్పు తెచ్చుకొనుటయే.

ఇది కేవలము భాషాభిమానపు మాట కాదు. "లైన్ క్లియర్" అను పలుకు చూడుడు. రైలు కొలువులో తరువాతి స్టేషను వారు లైన్ క్లియర్ ఇచ్చిరన, దారి ఖాళీగా నున్నది, బండిని పంపవచ్చునని భావము. విద్యుచ్ఛాఖలో లైన్ క్లియర్ తీసికొనిరన, తీగలో విద్యుత్తును ఆపిరి, మనిషి స్తంభ మెక్కవచ్చునని భావము. ఒకచోట ఆ పలుకుతో బండి కదలును. మఱొకచోట ఆ పలుకుతోనే ప్రవాహము నిలుచును. ఇక మా తోడి పత్రికల వారు ఉద్యోగ నియామకములకు లైన్ క్లియర్, వంతెనకు లైన్ క్లియర్ అని శీర్షికలు పెట్టుచున్నారు.

ఆ యా కొలువులలో ఈ పలుకు వలన చిక్కు లేదు. దాని వెనుక నియమములు, లిఖితపూర్వకమైన అనుమతులు కాపలా కాయుచున్నవి. దారిన పోవు జనులకు అట్టి కాపలా యేది? లైను దాటరాదన్న, ప్లాటుఫారము అంచున నున్న పసుపు గీతయా, దిగువనున్న పట్టాలా? లైను ముట్టరాదన్న, గాలివానకు తెగిపడిన తీగ యని పల్లె నుండి వచ్చిన ముదుసలి యెట్లు గ్రహించును? "పసుపు గీత దాటకుడు", "పట్టాలు దాటకుడు", "తెగిన తీగను ముట్టకుడు" – ఈ మూడు వాక్యములు వ్రాయుటకు ఏ నిఘంటువును తిరుగవేయ నక్కఱలేదు. ప్రాణము కాపాడవలసిన ప్రకటనలో మాట తేటగా నుండుట అలంకారము కాదు, ధర్మము.

మన నగరమున ఇందుకు పూర్వులు త్రోవ చూపకపోలేదు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగున ముద్రించి పంచినది. నేడు మెట్టుగూడకు అనతిదూరమున నున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినపుడు, ఆధునిక శాస్త్రములను ఉర్దూలో బోధించుటకై వందలకొలది పుస్తకములు అనువదింపబడినవి. 1966లో తెలుగు శాసనము మూలమున అధికారభాష యైనది; 2018లో తెలంగాణ పాఠశాలలలో తెలుగు బోధన నిర్బంధము చేయబడినది. శాసనము పీఠము వేయగలదు గాని, కూర్చుండి మాటలాడవలసినది మనమే.

కార్యాలయముల వారికి మా మనవి యొక్కటే. జనుల కొఱకు ప్రకటన వ్రాయునపుడు బల్లముందు కూర్చుండి క్రొత్త పదములు కల్పింపవలదు. తీగ బాగుచేయు వానిని, పట్టాలు కాచు వానిని, సంతలో కూరలమ్ము తల్లిని అడుగుడు. మాట వారి నోటనే యున్నది. ఉపాధ్యాయులును పిల్లలకు ఏ మాట ఏ తావున చెల్లునో నేర్పుదురు గాక. పత్రికలవారమైన మేమును మా శీర్షికలలో ఈ నియమమును పాటింతుము. లైను ఉండవలసిన చోట ఉండనిండు; మాటల వరుస మాత్రము తప్పనీయకుడు.