గొంతు లేని పాట
పాటంటే పాడేవాళ్లుండాలి కదా! అమెరికన్ బృందం డిక్సీ డ్రెగ్స్ మాత్రం గాయకుడు లేకుండానే బరిలోకి దిగింది. మయామీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ బృందం 1977లో 'ఫ్రీ ఫాల్', మరుసటి ఏడాదే రెండో ఆల్బమ్ 'వాట్ ఇఫ్' తెచ్చింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల సదరన్ రాక్‌కి జాజ్ ఫ్యూజన్‌ను కలిపిందీ ఆల్బమ్. స్టీవ్ మోర్స్ గిటార్, ఆలెన్ స్లోన్ వయొలిన్... ఇవే దాని గొంతులు!

మాటల్లేని పాటను రేడియోలో ఎవరు వేస్తారు? ఆ సందేహం సహజమే. పైగా ఆల్బమ్ తెచ్చిన కాప్రికార్న్ కంపెనీ 1979లో దివాలా తీసింది. ట్యూన్ మాత్రం నిలిచింది. ఇందులోని 'టేక్ ఇట్ ఆఫ్ ది టాప్'ను బీబీసీ రేడియో 1 'ఫ్రైడే రాక్ షో' తన సిగ్నేచర్ ట్యూన్‌గా పెట్టుకుంది. మోర్స్ 1994లో డీప్ పర్పుల్‌లో చేరి, 2022 దాకా కొనసాగాడు.