తాళంచెవి ఎవరి కొంగున ఉండాలి?

సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో వచ్చింది గాని, అమెరికా అబ్బాయి మన హాల్లోని కంప్యూటరులోకి అంతకు ముందే వచ్చేశాడు! డాలస్‌లో కూచుని వాడు మౌస్ కదిపితే కోమటిచెరువు దగ్గరి ఇంట్లో ఫైళ్లు తెరుచుకుంటాయి. కరెంటు బిల్లు కడతాడు, ఫోటోలు సర్దుతాడు. సుఖమే, కాదనను.

కాని వాడు సెలవుల్లో వచ్చి పెట్టిపోయిన ఆ శాశ్వత పాస్‌వర్డు అమ్మకు తెలుసా? "నీకెందుకమ్మా, నేను చూసుకుంటా గదా!" అంటాడు. తలుపు తట్టినవాళ్లెవరో చూసుకునిగాని గొళ్లెం తీయని ఇల్లాలికి ఈ ఒక్క తలుపు తాళంచెవి లేదు.

పాస్‌వర్డు పెట్టని పిల్లలది ఇంకో ధోరణి. "ఆ అంకెలు చదువు, ఆ బొత్తాం నొక్కు, ఎందుకని అడక్కు." ఏళ్ల తరబడి ఇదే పాఠం. రేపు బ్యాంకునుంచంటూ ఎవడో ఫోను చేసి అవే అంకెలు అడుగుతాడు. ఆవిడ చదవకేం చేస్తుంది? ఎనీడెస్క్ తొమ్మిదంకెల కోడు చెప్పించుకుని ఫోన్లలోంచి డబ్బు లాగేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అంకెలు చదవడం నేర్పినవాడు, అడగడం ఎందుకు నేర్పలేదండీ?

"అమ్మకు అర్థం కాదు" అట! పోగు లెక్కపెట్టి గొల్లభామ బొమ్మను చీరమీదికి తెచ్చే ఊళ్లో, నాలుగు బొత్తాలు బ్రహ్మవిద్యా?

శాశ్వత పాస్‌వర్డు తీసేయించండి. అబ్బాయి వచ్చిన ప్రతిసారీ 'అంగీకరించు' మీరే నొక్కండి, వాడు పనిచేస్తున్నంతసేపూ పక్కనే కూచోండి. రాత్రి గ్యాసు కట్టేసినట్టే దాన్నీ కట్టేయండి. పనిబడితే వాడే ఫోను చేసి అడుగుతాడు.